లేబుల్ కనపడకుండా వైన్ రుచి: ఇంట్లో ఫ్రెండ్స్‌తో అయితే ఏ పద్ధతి మేలు?

బాటిల్ మీద పేరు, ధర కనిపించాయంటే నాలుక సగం పని మానేస్తుంది. కాలిఫోర్నియాలో పరిశోధకులు ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పి తాగించారు. ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. ఖరీదైనదని విన్నప్పుడు జనం బాగుందన్నారు. పైగా మెదడు స్కాన్‌లో కూడా ఆనందానికి సంబంధించిన భాగం ఎక్కువగా స్పందించింది. మొహమాటానికి చెప్పిన మాట కాదది, వాళ్లకు నిజంగానే బాగున్నట్టు అనిపించింది.

అందుకే లేబుల్ కప్పేసి తాగి చూడటం సరదాగానూ ఉంటుంది, పనికొస్తుంది కూడా. అయితే బ్లైండ్ టేస్టింగ్ పేరుతో నాలుగు రకాల ఆటలున్నాయి. ఏది ఆడుతున్నామో తేల్చుకోకుండా కూర్చుంటే అరగంటలో అది మామూలు మందు పార్టీ అయిపోతుంది. నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటిసారి అయితే ఒకే ద్రాక్ష రకంలో, వేర్వేరు ధరల్లో నాలుగు బాటిళ్లు తీసుకోండి. మార్కులు వద్దు, ఎవరికి వారు ఒకటి నుంచి నాలుగు దాకా ర్యాంకులు ఇవ్వండి. మిగతా పద్ధతులు ఎప్పుడు బాగుంటాయో, ఎక్కడ దెబ్బతింటాయో కింద చూద్దాం.

కనిపెట్టే పోటీ

గ్లాసు తిప్పి, వాసన చూసి, ఇది ఫలానా ద్రాక్ష, ఫలానా దేశం అని చెప్పడం. వీడియోల్లో చూసి అందరూ ముందు దీనికే మొగ్గు చూపుతారు. వైన్ నిపుణులు రాసే మాస్టర్ సొమెలియే అనే పెద్ద పరీక్షలో ఆరు వైన్లు ఇచ్చి 25 నిమిషాల్లో ఇలాగే చెప్పమంటారు. దానికోసం ఏళ్ల తరబడి సాధన చేసేవాళ్లే అక్కడ తడబడతారు. ఏడాదికి పది బాటిళ్లు తాగే మనం షిరాజ్, కాబర్నే అనే రెండు రెడ్ వైన్ ద్రాక్షలకు తేడా గాల్లోంచి ఎలా పట్టుకుంటాం? పదిహేను నిమిషాలకు అందరి మొహాల్లో ఏడో తరగతి లెక్కల పరీక్ష కనిపిస్తుంది.

అయినా ఇదే ఆడాలనుకుంటే ఒక సవరణ చేయండి. నాలుగు వైన్ల పేర్లు ముందే కాగితం మీద రాసి, పక్కన నాలుగు నంబర్లు వేసి, బడిలో లాగా జతపరచమనండి. పేర్లు కూడా బాగా దూరంగా ఉన్నవి ఎంచుకోండి. సావిన్యోన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌లో పచ్చి క్యాప్సికమ్, జామకాయ లాంటి వాసన, షిరాజ్‌లో మిరియాల ఘాటు, కాబర్నేలో నాలుక గీరుకుపోయే వగరు కొత్తవాళ్లకు కూడా అందుతాయి. నేరేడు, ఉసిరి, చింతపండు, వాన పడ్డ మట్టి అని మన మాటల్లోనే రాసుకోమనండి. ఇంగ్లిష్ పుస్తకాల్లో చెప్పే బ్లాక్‌కరెంట్ పండును మనలో చాలామంది చూసి కూడా ఉండరు.

ధర పోటీ

నేను మొదటి మార్కు వేసేది దీనికే. అందరికీ అర్థమయ్యే ప్రశ్న ఒక్కటే: ఎక్కువ డబ్బు పెడితే నా నోటికి ఏమైనా తేడా తెలుస్తోందా? 2008లోనే వచ్చిన మరో అధ్యయనంలో ఆరు వేలకు పైగా బ్లైండ్ టేస్టింగ్ ఫలితాలను లెక్కగట్టారు. శిక్షణ లేని మామూలు జనానికి ఖరీదైన వైన్ కొంచెం తక్కువే నచ్చింది. వైన్ గురించి చదువుకున్నవాళ్లకు మాత్రం అలా జరగలేదు. కాబట్టి చవక బాటిల్ గెలిస్తే ఎవరూ సిగ్గుపడక్కర్లేదు, నెలవారీ ఖర్చు తగ్గిందని సంతోషించొచ్చు.

ఇక్కడ మన దేశంలో ఒక తిరకాసు ఉంది. దిగుమతి సుంకం, రాష్ట్ర పన్నులు కలిసి విదేశీ వైన్ ధరను పైకి లాగేస్తాయి. చిలీలో మామూలుగా అమ్ముడుపోయే వైన్ హైదరాబాద్ షాపులోకి వచ్చేసరికి ఖరీదైన సరుకు అవుతుంది. దాన్ని నాసిక్ వైన్ పక్కన పెట్టి ధర పోటీ నడిపితే మీరు రుచి చూస్తున్నది పన్నును. అన్నీ దేశీవైనా తీసుకోండి, అన్నీ విదేశీవైనా తీసుకోండి. దేశీ షిరాజ్‌లు నాలుగు అనుకుంటే వెయ్యి లోపు ఒకటి, మధ్యలో రెండు, రెండు వేల పైన ఒకటి అయితే చాలు. అన్నిటికన్నా చవకదానికీ ఖరీదైనదానికీ మధ్య కనీసం రెట్టింపు తేడా ఉండాలి. రెండొందల తేడాతో నాలుగు బాటిళ్లు పెడితే ఏ ఫలితం వచ్చినా దానికి అర్థం ఉండదు.

కొనే చోటు కూడా చూసుకోండి. మన వీధి వైన్స్‌లో విస్కీ, బీరు కదిలినంత వేగంగా వైన్ కదలదు. ఓ మూల అరలో, వేడి తగిలేచోట నెలల తరబడి నిలబడి ఉంటుంది. ఏసీ ఉన్న పెద్ద షాపులో, లేబుల్ మీద ద్రాక్ష కోసిన సంవత్సరం చూసి తీసుకోండి. దేశీ వైట్ వైన్ అయితే ఎంత కొత్తదైతే అంత మంచిది.

ఊరికీ ఊరికీ పోటీ

అదే ద్రాక్ష, వేర్వేరు నేలలు. ఈ ఆటకు పెద్ద దిక్కు 1976 మే 24న పారిస్‌లో జరిగిన పోటీ. స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వైన్ వ్యాపారి తొమ్మిది మంది ఫ్రెంచ్ నిపుణులను కూర్చోబెట్టి, ఫ్రాన్స్ వైన్లనూ కాలిఫోర్నియా వైన్లనూ లేబుల్ లేకుండా పోయించాడు. రెడ్‌లో స్టాగ్స్ లీప్, వైట్‌లో షాటో మాంటెలీనా గెలిచాయి. రెండూ కాలిఫోర్నియాలోని నాపా లోయవే. ఒక జడ్జి కాలిఫోర్నియా వైట్ తాగి, హమ్మయ్య మళ్లీ ఫ్రాన్స్‌కు వచ్చాం అన్నట్టు సంబరపడ్డాడని అక్కడున్న టైమ్ పత్రిక విలేకరి రాశాడు. ఫలితం తెలిశాక ఇంకో జడ్జి తన మార్కుల కాగితం వెనక్కి ఇమ్మని పట్టుబట్టింది. రెడ్‌లో మొదటి రెండు స్థానాల మధ్య తేడా మాత్రం చాలా స్వల్పం.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ ఆట సులువు. కాలిఫోర్నియా కాబర్నే రెండు, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతానివి రెండు, అన్నీ ఒకే ధర పరిధిలో తీసుకుంటే సాయంత్రం గడిచిపోతుంది. ఇక్కడ మనకూ సరిపడా సరుకుంది. నాసిక్ నుంచి సులా, యార్క్, వలోనే, సోలాపూర్ జిల్లా అక్లూజ్ నుంచి ఫ్రాటెల్లి, బెంగళూరు పక్క నంది కొండల నుంచి గ్రోవర్ జాంపా. హంపి కొండల దగ్గర క్రస్మా తోట పెంచింది హైదరాబాద్ దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ. వాళ్ల కాబర్నే దొరికితే పోటీలో పెట్టండి, మనవాళ్లదని ముందే ఎవరికీ చెప్పకండి.

చిక్కల్లా దొరకడంలోనే ఉంది. ప్రతి రాష్ట్రంలోనూ లేబుల్ విడిగా రిజిస్టర్ కావాలి కాబట్టి బెంగళూరులో ఉన్నది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండకపోవచ్చు. పక్క రాష్ట్రం నుంచి డిక్కీలో వేసుకొద్దామంటే ఎక్సైజ్ నిబంధనలు అడ్డొస్తాయి. ముందు షాపుకెళ్లి ఏమున్నాయో చూసి, ఆ తర్వాతే ఏ ద్రాక్ష అన్నది తేల్చుకోవాలి. కాబర్నే, షిరాజ్, సావిన్యోన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్... ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి సరిపడా బాటిళ్లు దొరుకుతాయి.

మూడు గ్లాసుల పరీక్ష

మూడు గ్లాసులు ఇస్తారు. రెంటిలో ఒకే వైన్, ఒకదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి, అంతే. ఆహార కంపెనీల్లో రుచి తేడాలు పట్టడానికి వాడే పద్ధతే ఇది. నచ్చడం, నచ్చకపోవడం జోలికి పోదు. ప్రతి గుంపులోనూ "మామా, నాకు తేడా తెలిసిపోద్ది" అనే వాడు ఒకడుంటాడు కదా, ఈ పరీక్ష వాడి కోసం.

గుడ్డిగా చెప్పినా మూడుసార్లలో ఒకసారి జవాబు ఒప్పవుతుంది. ఎనిమిది మంది ఉంటే ఇద్దరు ముగ్గురు అదృష్టం కొద్దీ గెలుస్తారు. ఆరుగురు సరిగ్గా చెబితేనే ఆ రెండు వైన్ల మధ్య తేడా నిజంగా తెలుస్తోందని అనుకోవచ్చు. ఐదుగురైతే ఇంకా అనుమానమే. రంగులో తేడా ఉంటే కళ్లే చెప్పేస్తాయి కాబట్టి లైట్లు తగ్గించండి, లేదా కళ్లకు చేతిరుమాలు కట్టండి. మూడు గ్లాసుల వరుస కూడా అందరికీ ఒకేలా ఉండకూడదు.

సాయంత్రం అంతా ఇదే అంటే విసుగు. మొదటి ఇరవై నిమిషాలకు సరిపోతుంది. చివరికి పెట్టుకోవద్దు, అప్పటికి నాలుకలు మొద్దుబారి ఉంటాయి.

చేతిరుమాలు ఎలాగూ బయటికి తెచ్చారు కాబట్టి, కళ్లకు కట్టి ఇంకో చిన్న ఆట. ఒకే చల్లదనంలో ఒక రెడ్, ఒక వైట్ ఇచ్చి ఏది ఏదో చెప్పమనండి. 2001లో బోర్డోలో వైన్ చదువుకునే 54 మంది విద్యార్థులకు ఎర్ర రంగు కలిపిన వైట్ వైన్ ఇస్తే, దాని వాసనకు రెడ్ వైన్ మాటలే వాడారు. కాబట్టి మీవాళ్లు తప్పు చెబితే మరీ ఎక్కువ నవ్వకండి.

దాచడం ఎలా: సంచీయా, జగ్గా?

బాటిల్‌కు కాగితం సంచీ తొడిగి మెడ దగ్గర రబ్బర్ బ్యాండ్ వేయడం అందరూ చేసేదే. ఖర్చు లేదు, గొడవ లేదు. కానీ సంచీ చాలా విషయాలు చెప్పేస్తుంది. బోర్డో తరహా బాటిల్‌కు భుజాలు నిటారుగా ఉంటాయి, బర్గండీ తరహాకు జారుగా ఉంటాయి. మూత తిప్పేదా, బిరడానా అన్నది మెడ దగ్గరే తెలుస్తుంది. ఖరీదైన బాటిల్ తరచూ బరువుగానూ ఉంటుంది. పోసేటప్పుడు ఆ బరువును గమనించే తెలివైనవాళ్లుంటారు.

అన్నీ ఒకే ఆకారం బాటిళ్లయితే సంచీ చాలు, మూతలు ముందే తీసి దాచేయండి. ఆకారాలు వేరైతే వంటింట్లోనే గ్లాసుల్లో పోసి తేవడం మంచిది, లేదంటే ఒకే రకం గాజు నీళ్ల సీసాల్లోకి గరాటుతో మార్చేయొచ్చు. ప్లాస్టిక్ సీసాలు వద్దు, వాసన పడుతుంది. కొత్త రెడ్‌కు ఇలా గాలి తగలడం మంచిదే. వైట్‌ను మాత్రం కూర్చునే ముందే మార్చండి.

పోసే మనిషికి అన్నీ తెలిసిపోతాయి, మరి వాడు ఆడేదెలా? ఇద్దరు కలిస్తే సరిపోతుంది. ఒకరు సంచీలు తొడిగి క, ఖ, గ, ఘ అని రాసి బయటికి వెళ్లిపోవాలి. రెండో వ్యక్తి వచ్చి వాటిని కలిపేసి, పైన ఇంకో సంచీ తొడిగి 1, 2, 3, 4 రాయాలి. ఇప్పుడు ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా తెలియదు, ఇద్దరూ ఆడొచ్చు. అంతకన్నా తేలిక దారి మన గుంపుల్లో సిద్ధంగా ఉంటుంది. మందు ముట్టని స్నేహితుడు ఒకరు తప్పకుండా ఉంటారు. పోసే పని, లెక్కలు రాసే పని వాళ్లకిచ్చేయండి. చిప్స్ గిన్నె ముందు ఊరికే కూర్చోవడం కన్నా వాళ్లకూ అదే బాగుంటుంది.

గ్లాసులు, చల్లదనం, వాసనలు

ఎనిమిది మందికి నాలుగేసి అంటే 32 గ్లాసులు. ఇంట్లో ఉండవు. ఒక్కో వైన్ ఒక్కో రౌండ్‌గా పోస్తే గ్లాసులు ఎనిమిదే చాలు కానీ, నాలుగోది తాగేసరికి మొదటిది మర్చిపోతారు. పక్కపక్కన పెట్టుకుని అటూ ఇటూ తాగి చూడటమే అసలు పద్ధతి. దానికి గ్లాసులు అందంగా ఉండక్కర్లేదు, అన్నీ ఒకేలా ఉంటే చాలు. క్యాటరింగ్ వాళ్ల దగ్గర అద్దెకు తెచ్చుకోవచ్చు. పేపర్ కప్పుల్లో అట్ట వాసన వస్తుంది, స్టీలు గ్లాసులో రంగు కనపడదు. ప్రతివారి ముందూ ఒక తెల్ల ఏ4 కాగితం మీద నాలుగు గుండ్రాలు గీసి నంబర్లు వేయండి. ఏ గ్లాసు ఏదో కలిసిపోదు, తెల్ల కాగితం మీద వైన్ రంగు కూడా బాగా తెలుస్తుంది.

కొలతకు పెగ్ మెజర్ ఉంటే అదే వాడండి. తలా 60 ఎం.ఎల్. పోస్తే ఎనిమిది మందికి 480, అంటే 750 బాటిల్‌లో ఇంకా చిన్న రెండో రౌండుకు మిగులుతుంది. పన్నెండు మంది దాకా ఒక్కో వైన్‌కు ఒక్క బాటిలే చాలు. నాలుగు రకాలు కలిపి మనిషికి 240 ఎం.ఎల్., దాదాపు మూడో వంతు బాటిల్. రక్తంలో 100 ఎం.ఎల్.కు 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు కాబట్టి బండి తాళాలు ఇంట్లో పెట్టి క్యాబ్‌లో రమ్మనండి. ఉమ్మేయడం మన ఇళ్లలో ఎబ్బెట్టుగా ఉంటుంది. అయినా తలా ఒక పేపర్ కప్పు ఇచ్చి ఉంచండి, రెండో వైన్ నుంచి వాడేవాళ్లు వాడతారు.

రెడ్ వైన్‌ను రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలన్న మాట చల్లటి దేశాల ఇళ్లకు చెల్లుతుంది. మే నెలలో మన గది 35 డిగ్రీలుంటే ఆ వైన్‌లో ఆల్కహాల్ ముక్కులో గుచ్చుకోవడం తప్ప ఇంకేం తెలియదు. రెడ్‌ను ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, 16 నుంచి 18 డిగ్రీల మధ్యకు వస్తే చాలు. వైట్‌ను పది నిమిషాల ముందు బయటికి తీయండి. అన్నీ ఒకే చల్లదనంలో ఉండాలి. లేకపోతే వేసవిలో ఎక్కువ చల్లగా ఉన్నదే గెలుస్తుంది.

ఇక వాసనలు. సాయంత్రం దీపం పెట్టి సాంబ్రాణి వేసిన ఇంట్లో వైన్ వాసన చూడటం దండగ. అగరొత్తులు, దోమల కాయిల్, సెంటు, తలలో మల్లెపూలు, వంటింట్లో ఇంగువ పోపు ఇవన్నీ పోటీకి వస్తాయి. కిటికీలు ఒక గంట ముందే తెరవండి. బిర్యానీ తర్వాత. కారం తగిలిన నోటికి ఆల్కహాల్ మంటగా, రెడ్ మరీ చేదుగా అనిపిస్తుంది. చీజ్ కూడా అప్పుడే వద్దు, అది వగరును మెత్తబరచి ప్రతి వైన్‌నూ మంచిదనిపించేలా చేస్తుంది. మధ్యలో నీళ్లు, ఉత్త బ్రెడ్ ముక్క చాలు.

మార్కులా, ర్యాంకులా?

వందకు మార్కులు వేయడం చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ ఒకరు అన్నింటికీ 85, 90 మధ్యే వేస్తారు, ఇంకొకరు 30 నుంచి 95 దాకా పరుగెడతారు. సగటు తీస్తే రెండో మనిషి ఇష్టమే అందరి ఇష్టం అయి కూర్చుంటుంది. ర్యాంకుల్లో ఆ గొడవ లేదు. అందరి ర్యాంకులు కలిపితే ఏ వైన్‌కు తక్కువ మొత్తం వస్తే అదే గెలిచినట్టు.

మొత్తంతో ఆగిపోకుండా విడి ర్యాంకులు కూడా చూడండి. ఐదుగురిలో ఒక వైన్‌కు 2, 2, 2, 2, 3 వచ్చాయనుకుందాం. ఇంకోదానికి 1, 1, 4, 4, 1. రెండూ పదకొండే. మొదటిది ఎవరికీ ప్రాణం కాదు, ఎవరికీ ఇబ్బందీ లేదు, ఇంట్లో ఫంక్షన్‌కు అదే కొనాలి. రెండోది ముగ్గురికి పిచ్చిగా నచ్చింది, ఇద్దరికి అసలు పడలేదు. ఆ ముగ్గురూ దాన్ని తమకోసం కొనుక్కోవచ్చు, బహుమతిగా మాత్రం ఇవ్వకూడదు.

ఒక నియమం మాత్రం కచ్చితంగా పెట్టండి. కాగితం మీద రాసేదాకా నోరు మెదపకూడదు. నాపా వెళ్లొచ్చిన బావ ఒక్కడు "అబ్బే, పుల్లగా ఉంది" అన్నాడంటే మిగతా ఏడుగురికీ అది పుల్లగానే తగులుతుంది. ఇంకోటి, మొదట తాగినదానికే ఎక్కువ ఓట్లు పడతాయి. అన్ని గ్లాసుల్లోనూ ఒకే వైన్ పోసి వేర్వేరువని చెప్పినా మొదటిదాన్నే ఎక్కువమంది ఎంచుకున్నారని పరిశోధకులు చూపించారు. సగం మందిని ఒకటో నంబర్ నుంచి, మిగతా సగాన్ని నాలుగో నంబర్ నుంచి మొదలుపెట్టమంటే ఆ పక్షపాతం చాలావరకు సర్దుకుంటుంది.

ఎవరు కొనాలి?

తలా ఒక బాటిల్ తేవడం ఖర్చుకు తేలిక, కానీ ఎవరి బాటిల్‌ను వాళ్లు గుర్తుపట్టి మురిసిపోతారు. పైగా ఎనిమిది బాటిళ్లు ఎనిమిది దారుల్లో ఉంటాయి. ఒకరే నాలుగూ కొని లెక్క పంచుకోవడం నాకు నచ్చుతుంది. తలా ఒకటి తేవాల్సిందే అంటే ద్రాక్ష రకం, ధర పరిధి ముందే గ్రూపులో పెట్టేయండి, వచ్చినవాటిలో ఐదుకు మించి తెరవకండి.

బిరడా బాటిళ్లయితే ఒకటి అదనంగా ఉంచుకోండి. బిరడా చెడితే వైన్ తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది, పండు వాసన చచ్చిపోతుంది. పోసే మనిషి ముందే ఒక్కోదాన్నీ వాసన చూసి, అలాంటిది తగిలితే మార్చేయాలి. లేకపోతే చెడిపోయిన బాటిల్‌కు నాలుగో ర్యాంకు ఇచ్చి ఆ కంపెనీనే తప్పుపడతారు.

మిగిలిన వైన్‌ను చిన్న సీసాలో అంచు దాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది. రెడ్ అయినా ఫ్రిజ్‌లోనే పెట్టండి.